మళ్ళీ బండెక్కేదాకా

లోడు మీద నుంచి జారి పడ్డవాడికి ఎఫ్‌ఐఆర్ ఉండదు. గుద్దిన బండీ లేదు, పారిపోయిన బండీ లేదు. మా బావ అలాగే పడ్డాడు. మాఘమాసం, తెల్లవారుజాము. గుంటూరు మిర్చి యార్డు బయట పట్టా మీద మంచు పట్టి ఉంది. మిర్చి బస్తాల లోడు మీద నిలబడి తాడు బిగిస్తుంటే చెప్పు జారింది. పన్నెండడుగుల ఎత్తు. ఎడమకాలు మోకాలి కింద విరిగింది. పడ్డచోటి నుంచే నాకు ఫోను చేశాడు. "ఒరేయ్, కాలు పోయినట్టుందిరా. ఓనరుకి చెప్పి ఇంకో డ్రైవర్ని పంపించు, లోడు ఆగిపోద్ది" అన్నాడు. ముందు లోడు, తర్వాత కాలు. ఇరవై ఏడేళ్ళు స్టీరింగ్ పట్టినవాడి వరస అది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాని. లోడు రాయడం, బండి కుదర్చడం, కాటా చీటీలు దాచడం నా పని. జబ్బు చేసో దెబ్బ తగిలో బండి దిగిన డ్రైవర్లని ఈ కుర్చీలోంచి చాలామందినే చూశాను. తిరిగి ఎక్కినవాళ్ళని అంతకంటే తక్కువమందిని చూశాను. ఎక్కలేకపోయినవాళ్ళందరికీ ఒళ్ళు సహకరించక కాదు. కొందరిని కాగితం ఆపింది, కొందరిని ఓనరు దగ్గర పాత బాకీ ఆపింది, కొందరు తొందరపడి ఒప్పుకున్న మొదటి ట్రిప్పులోనే మళ్ళీ పడ్డారు. బావ మళ్ళీ బండెక్కడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఏ పని ముందు చేశాం, ఏది ఆలస్యంగా తెలుసుకున్నాం అన్నది వరసగా రాస్తే ఇంకొకరికి అక్కరకు రావచ్చు.

పడ్డ రోజు

తిరిగి పనిలోకి వెళ్ళే పని ఆసుపత్రి క్యాజువాలిటీలోనే మొదలవుతుంది. స్ట్రెచర్ మీద ఉన్నవాడిని డ్యూటీ డాక్టరు "ఎలా తగిలింది?" అని అడిగి రెండు లైన్లు రాసుకుంటాడు. ఆ రెండు లైన్లే తర్వాత అన్నిటికీ మూలం. ఎక్కడ, ఎన్నింటికి, ఏ నంబరు బండి మీద, ఏ పని చేస్తూ పడ్డాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకు తెలిసిన ఒక డ్రైవరుకి ఓనరు ఫోను చేసి, "ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పు, గొడవుండదు" అన్నాడు. వాడు అలాగే చెప్పాడు. గొడవ లేకపోవడమే కాదు, పరిహారం కూడా లేకుండా పోయింది. ఓనరు మాత్రం మంచివాడే, పండ్లు పట్టుకుని చూడటానికొచ్చాడు.

పనిలో ఉండగా దెబ్బ తగిలితే పరిహారం అడగడానికి డ్రైవరుకి హక్కుంది. రోడ్డు మీద ప్రమాదమే జరగనక్కర్లేదు, లోడు కడుతూ పడినా పని పనే. అందుకని ఆ రోజే నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోవాలి: లోడు చీటీ, ఆర్‌సీ, ఇన్సూరెన్సు పాలసీ, లైసెన్సు. పాలసీలో జీతపు డ్రైవరు కోసం విడిగా ప్రీమియం కట్టారేమో ఒక వరసలో ఉంటుంది, అది చూసుకోవాలి. చాలామంది డ్రైవర్లు ఆ కాగితాన్ని రోజూ డ్యాష్‌బోర్డులో పెట్టుకుని తిరుగుతారు, ఒక్కసారీ చదవరు. మా బావా చదవలేదు. నేనూ అంతే. వందల పాలసీలు జిరాక్సు తీశాను కానీ ఆ వరస మీద కన్ను పడింది ఆ రోజే.

తర్వాత ఖాతా. బావకి ఓనరు దగ్గర అడ్వాన్సు ఉంది, రావలసిన బత్తా కూడా ఉంది. మా అక్క ఆసుపత్రి ఖర్చులకి ఇంకొంత అడిగింది, ఆయన ఇచ్చాడు. ఇక్కడ చెయ్యాల్సిన పని చిన్నది, చాలామంది మొహమాటపడి మానేసేది. ఎంత తీసుకున్నాం, ఎంత రావాలి, కొత్తగా ఇచ్చింది అప్పా సాయమా అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవడం. అక్క ఆ కాగితం పట్టుకెళ్తే ఆయన ముందు చిన్నబుచ్చుకున్నాడు. "నామీద నమ్మకం లేదామ్మా?" అన్నాడు. "మామీదే మాకు నమ్మకం లేదండీ, మర్చిపోతాం" అంది అక్క. సంతకం పెట్టాడు. ఏడు నెలల తర్వాత పని మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు బాకీ లెక్క దగ్గర మాట తెగకుండా కాపాడింది ఆ కాగితమే.

క్లచ్

అక్క అత్తగారు పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిద్దామన్నారు. అప్పటికే ఎముకలో రాడ్ వేసేశారు. మూడో రోజు పెద్ద డాక్టరు రౌండ్సుకొచ్చి ఎక్స్‌రే చూసి, "బాగా కూర్చుంది. మూడు నెలల్లో కర్ర లేకుండా నడుస్తావు" అన్నాడు. మేం సంతోషపడ్డాం. బావ పడలేదు.

"నడవడం కాదండీ, నేను క్లచ్ తొక్కాలి" అన్నాడు.

"రోజుకి ఎన్నిసార్లు తొక్కుతావయ్యా?"

బావ కళ్ళు మూసుకున్నాడు. మనసులో బండి తీసినట్టున్నాడు. "ఆటోనగర్ గేటు నుంచి బెంజి సర్కిల్ మీదుగా వారధి దాటేసరికే వంద దాటుద్దండీ" అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్లచ్ ఎంత గట్టిగా ఉంటుంది, కాలు ఎంత ఎత్తు లేపాలి, మడమ కింద ఆనించి తొక్కుతారా, పాదమంతా లేపి తొక్కుతారా అని అడిగాడు. కేబిన్లోకి ఎన్ని మెట్లు, ఏ కాలు ముందు పెడతావు అన్నాడు. స్టెప్నీ ఎవరు మారుస్తారని కూడా అడిగాడు. రిమ్ముతో కలిపి వంద కిలోల దాకా ఉంటుందని చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పటిదాకా ఆయన దృష్టిలో బావ ఒక ఎముక. ఆ పది నిమిషాల తర్వాత డ్రైవరయ్యాడు.

"డ్యూటీకి ఎప్పుడు వెళ్ళొచ్చు?" అని అడిగితే డాక్టర్లు బల్ల ముందు కూర్చునేవాడికి చెప్పే జవాబు చెబుతారు. లారీ పని ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు, తెలియాలని లేదు కూడా. మనమే పనిని విడగొట్టి చెప్పాలి. ఎన్ని గంటలు కూర్చుంటాం, ఏ కాలితో ఏం తొక్కుతాం, ఎంత ఎత్తు ఎక్కుతాం, ఏం ఎత్తుతాం, రాత్రి ఎన్నింటిదాకా మేలుకుంటాం. వేసుకునే మాత్రల్లో మత్తు కలిగించేవి ఉన్నాయా అని కూడా అడగాలి. నొప్పి మాత్రల్లో కొన్ని నిద్ర తెప్పిస్తాయి. ఆ సంగతి కోదాడ దాటాక తెలుసుకుంటే లాభం లేదు.

మోకాలి కింద పెద్దెముక విరిగితే అతుక్కోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎముక అతికినా కండ రాదు. పిక్క సన్నబడిపోయి, బావ ఎడమకాలు పదో తరగతి పిల్లాడి కాలులా అయింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తెచ్చి గోడకి ఆనించి నిలబెట్టాలి. దానికెదురుగా, బండి సీటంత ఎత్తున్న కుర్చీలో కూర్చుని ఎడమ పాదంతో దాన్ని గోడకి నొక్కాలి. ముల్లు ఎంత చూపిస్తే అంత బలం. మొదటిరోజు ఎనిమిది కిలోల దగ్గర మొహం చిట్లించి కాలు తీసేశాడు. గోడ మీద పెన్సిలుతో 8 అని రాశాడు. తర్వాత రోజుకొక అంకె. మా మేనకోడలు ఆ అంకెల్ని కలిపి గీత గీసింది. ముప్ఫై దాటిన రోజు అక్క పాయసం చేసింది. నొక్కడం ఒక్కటే చాలదు, నొక్కి పట్టి పది లెక్కపెట్టి మెల్లగా వదలాలి. ఎత్తు మీద లోడు బండిని వెనక్కి జారకుండా లేపేది ఆ మెల్లగా వదలడమే.

ఐదో నెలలో బావని ఆటోనగర్ తీసుకొచ్చాను. మాకు తెలిసిన మెకానిక్ షెడ్డులో రిపేరుకొచ్చిన పాత పది టైర్ల బండి ఒకటి నిలబడి ఉంది. దాని ఓనర్ని అడిగి, ఇంజను ఆపి ఉన్న ఆ బండిలో బావని కూర్చోబెట్టాం. ఎక్కడానికే ఐదు నిమిషాలు పట్టింది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు చేతులూ ఒక కాలూ, లేదంటే రెండు కాళ్ళూ ఒక చెయ్యీ ఎప్పుడూ బండిని పట్టుకునే ఉండాలి. దిగేటప్పుడు మొహం బండి వైపే ఉండాలి, కిందికి దూకకూడదు. ఈ మాట బావకి మెకానిక్ దగ్గరున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చెప్పాడు. బావ బండి తోలడం మొదలుపెట్టేనాటికి ఆ కుర్రాడు పుట్టనేలేదు. బావ ఒక్క మాటా అనకుండా విన్నాడు.

కూర్చుని క్లచ్ తొక్కాడు. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. నలభై రెండు దగ్గర ఆపాడు. కాలు వణుకుతోంది. "ఇంకో నెల పట్టుద్దిరా" అన్నాడు. వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మెకానిక్ టీ ఇప్పించేవాడు. నాలుగు వారాలకి రెండు వందలు దాటింది. అప్పుడు ఇంజను స్టార్టు చేసి, ఆదివారం ఖాళీ రోడ్డు మీద, పక్క సీట్లో ఇంకో డ్రైవర్ని పెట్టుకుని తోలాడు. ఖాళీ బండిలో సరిపోయిన కాలు లోడు బండిలో సరిపోకపోవచ్చు. అందుకే ఆ పరీక్ష ఓనరు ముందు కాకుండా ఆదివారం, ఎవరూ చూడకుండా పెట్టుకోవాలి.

2025 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. కొత్త బండ్లలో క్లచ్ కూడా మెత్తగా ఉంటోంది, అసలు క్లచ్ పెడలే లేని మోడళ్ళూ వస్తున్నాయి. కాలు దెబ్బతిన్నవాడికి అవి వరమే. కాని ఏడు నెలలు ఖాళీగా ఉండి వచ్చినవాడి చేతికి ఏ ఓనరూ కొత్త బండి తాళం ఇవ్వడు. ఇచ్చేది పాత బండే, గట్టి క్లచ్చే.

లైసెన్సు

ఇక్కడ ముందు చూసుకోవాల్సింది తేదీలు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకరమైన సరుకు తోలేవాళ్ళకి మూడేళ్ళే, దానికి ఒకరోజు శిక్షణ కూడా అవ్వాలి. 2019లో చట్టం మార్చాక, గడువుకి ఏడాది ముందు నుంచీ గడువు తీరిన ఏడాది లోపు ఎప్పుడైనా రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. ఏడాది దాటిందా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు మళ్ళీ తోలి చూపించాల్సిందే. ఈ ఏడాది వెసులుబాటు రెన్యువల్‌కే కాని బండి తోలడానికి కాదు. గడువు తీరిన లైసెన్సుతో తోలితే 5,000 జరిమానా ఉంటుంది, ఇచ్చిన ఓనరు మీదా కేసుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ముందు అడిగేది ఆ తేదీనే.

బావ లైసెన్సు గడువు మే నెలలో తీరింది. కర్రల మీద ఉండగానే రెన్యువల్ చేయించుకుంటానని పట్టుబట్టాడు, పోతుందేమోనని భయం. వద్దన్నాను. రెన్యువల్‌కి ఫారం 1ఏ కావాలి. ప్రభుత్వం ఆ పనికి అనుమతించిన రిజిస్టర్డ్ డాక్టరు చూసి సంతకం పెట్టేది అది. చూపులో లోపం ఉందా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందా, పట్టపగలు 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు కనపడుతోందా, హారను వినపడుతోందా, రేచీకటి ఉందా, డ్రైవింగుకి అడ్డొచ్చే అంగలోపం ఏదైనా ఉందా అని అందులో అడుగుతారు. కర్రలతో వెళ్ళినవాడికి ఆ చివరి ప్రశ్న దగ్గర ఏ డాక్టరైనా ఏం రాస్తాడు? రాయకూడనిది రాసే డాక్టర్లు దొరుకుతారన్నది వేరే సంగతి. అలా కొనుక్కున్న కాగితం ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో చెప్పలేం.

ఆ ఫారంలో బీపీ గురించి లేదు, షుగర్ గురించి లేదు, క్లచ్ గురించి అసలే లేదు. ఫారం పాసైనంత మాత్రాన ఒళ్ళు పాసైనట్టు కాదు. దానితో పాటు డ్రైవరు స్వయంగా సంతకం పెట్టే ఫారం 1 ఉంది. మూర్ఛ గాని, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గాని, కళ్ళు తిరగడం గాని ఉందా అన్నది అందులో మొదటి ప్రశ్న. 'లేదు' అని టిక్కు పెట్టడానికి ఒక్క క్షణం చాలు. ఫిట్స్ వచ్చే మనిషి స్టీరింగ్ వదిలెయ్యాలి. ఈ మాట రాయడం నాకిష్టం లేదు, కాని దీనికి ఇంకో దారి లేదు. అలాంటి ఒకాయన ఇప్పుడు మా వీధిలో టైర్ల కొట్టు లెక్కలు చూస్తున్నాడు. ఏ టైరు ఏ రోడ్డు మీద ఎన్ని వేల కిలోమీటర్లు ఆగుతుందో కంపెనీవాళ్ళ కంటే ఆయనకే బాగా తెలుసు.

ఫారం అడగని జబ్బులకీ జాగ్రత్తలున్నాయి. గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్ళకి రక్తం పలచబడే మాత్రలు ఇస్తారు. వాటిని డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. చిన్న దెబ్బకే రక్తం ఎక్కువ కారుతుంది కాబట్టి బండిలో దూదీ కట్టుగుడ్డా పెట్టుకోవాలి. మాత్రల పట్టీ ఒకటి కేబిన్లో, ఒకటి చొక్కా జేబులో ఉండాలి, ఎందుకంటే బండి ఒకచోట మనిషొకచోట ఉండే రోజులుంటాయి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళ కష్టం ఇంకా పెద్దది. రెంటచింతల ఎండలో నిలబెట్టిన కేబిన్లో ఇన్సులిన్ పాడైపోతుంది, ఫ్లాస్కులో దాచాలి. చెమటపట్టి చేతులు వణికితే అది షుగర్ పడిపోవడం. బండి పక్కకి ఆపి, మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకుని పావుగంట ఆగి చూసుకోవాలి. "ఇంకో పది కిలోమీటర్లేగా" అనుకున్న రోజే అది ప్రమాదమవుతుంది.

ఓనరు దగ్గరికి

పని అడగడానికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. బావ వెళ్ళేనాటికి చేతిలో మూడు కాగితాలున్నాయి. కొత్తగా రెన్యువలైన లైసెన్సు, పడ్డ రోజు రాసుకున్న ఖాతా, డాక్టరు సర్టిఫికెట్. సర్టిఫికెట్ మీద 'డ్యూటీకి ఫిట్' అని ఒక్క ముక్క రాయించుకుంటే అది ఎవరికీ పనికిరాదు. 'భారీ వాహనం నడపవచ్చు, మూడు నెలలు లోడు పైకెక్కకూడదు, బరువులెత్తకూడదు' అని రాయించాం. 'కూడదు' అన్న మాట ఉంటే పని రాదేమోనని బావ జంకాడు. నాకు మాత్రం ఆ మాట వల్లే పైమాట నమ్మకంగా అనిపించింది.

మొదట పాత ఓనరు దగ్గరికే వెళ్ళాలి. మన పనితనం తెలిసినవాడు ఆయనే. ఊరికే పరామర్శలా కాకుండా, బండి ఏ లైన్లో ఉంది, ఇప్పుడు తోలుతున్నదెవరు అన్నది ముందే తెలుసుకుని వెళ్ళాలి. బావ ఇంట్లో ఉన్న నెలల్లో పదిహేను రోజులకోసారి ఆయనకి ఫోను చేస్తూనే ఉన్నాడు. పని గురించి ఎత్తేవాడు కాదు. "గేరుబాక్సు శబ్దం తగ్గిందాండీ?" అనేవాడు. ఆ ప్రశ్నకి మించిన దరఖాస్తు నేనెక్కడా చూడలేదు.

ఆయన సర్టిఫికెట్ పైకీ కిందికీ చూసి, బల్ల మీద పెట్టాడు.

"నీ సంగతి నాకు తెలవదా. కాని మధ్యలో కాలు పట్టేసి ఒరిస్సాలో ఎక్కడో బండి ఆపేశావనుకో, నేనేం చెయ్యాలి?"

ఓనర్లందరి భయమూ ఇదే. జాలి లేక కాదు. సరుకువాడికి జవాబు చెప్పాలి, కిస్తీ కట్టాలి, అక్కడికి ఇంకో డ్రైవర్ని బస్సెక్కించి పంపాలి. ఈ భయాన్ని ఆయన నోటితో చెప్పేదాకా ఆగకుండా మనమే మాట్లాడెయ్యాలి. బావ ఆ మాట ముందే అనుకుని వచ్చాడు.

"ఒరిస్సా వద్దండీ. ఒక నెల రోజులు సాయంత్రానికి తిరిగొచ్చే లోడే ఇవ్వండి. జగ్గయ్యపేట సిమెంటు తెస్తా. ఆగిపోయినా గంటలో మీ మనిషి వస్తాడు."

"పట్టా ఎవడు కడతాడు?"

"క్లీనర్ని ఇవ్వండి."

"క్లీనరు బత్తా ఎవడిస్తాడయ్యా?"

చివరికి సగం ఆయన, సగం బావ అని తేలింది. ఇది అన్యాయమే. లోడు కట్టడం డ్రైవరు పని అని ఏ పుస్తకంలోనూ లేదు, క్లీనర్లని తీసేసి ఆ పని డ్రైవర్ల నెత్తిన పెట్టింది ఓనర్లే. మా బావ కాలు విరిగింది కూడా ఆ లెక్కలోనే, ఆ రోజు బండి మీద క్లీనరుంటే పైకెక్కేవాడు కాదు. ఈ మాట నేను అనబోతుంటే బావ బల్ల కింద నా చెయ్యి నొక్కాడు. ఒక నెలకి ఒప్పుకున్నాం. ఆ నెల అన్నది కూడా కాగితం మీద రాయించాం.

ఇంకొకటి కూడా అడిగాడు, అది నాకు తట్టలేదు. మొదటి నెల ట్రిప్పు లెక్కన కాకుండా రోజు లెక్కన బత్తా ఇమ్మన్నాడు. ట్రిప్పు లెక్కయితే డ్రైవరు తనని తానే తరుముకుంటాడు. కాలు నొప్పి పుట్టినా ఆపడు, ఇంకో ట్రిప్పు పడుతుందన్న ఆశ. రోజు లెక్కయితే ఆగడానికి మనసొస్తుంది. డబ్బు కొంచెం తగ్గింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్రైవరు పనిచెయ్యకూడదని 1961 చట్టంలోనే రాశారు. హైవే మీద దాన్ని చూసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. చట్టం ఆపని గంటల్ని ఈ రోజు బత్తా కొంచెం ఆపింది.

పాత ఓనరు కుదరదంటే? అప్పుడు కొత్తచోటికి వెళ్ళాల్సిందే, దానికి తలవంచుకోనక్కర్లేదు. ఇవాళ డ్రైవర్లు దొరక్క ఆటోనగర్‌లో బండ్లు నిలబడి ఉంటున్నాయి. కాని కొత్త ఓనరు దగ్గర జబ్బు దాచి చేరకూడదు. మన వీధుల్లో అది వారం దాగదు, టీ కొట్టు దగ్గరే బయటపడుతుంది. దాచినవాడన్న పేరు కుంటివాడన్న పేరు కంటే చెడ్డది. పాత ఓనరుతోనే ఒక ఫోను చేయిస్తే మంచిది, మనిషి మంచివాడు, ఇతనికి సరిపోయే లోడు నా దగ్గర లేదు అని. అంతమాత్రం చెప్పడానికి ఎవరూ కాదనరు.

లోడు ఎంచుకోవడం

వచ్చిన మొదటి లోడు ఒప్పేసుకోవడం అందరూ చేసే తప్పు. ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిన మనిషికి ఏ లోడైనా బంగారంలా కనపడుతుంది. బావకి మొదట వచ్చిన పిలుపు కైకలూరు నుంచి, చేపల లోడు, హౌరాకి. బత్తా బాగుంటుంది. ఐసు కరిగేలోపు మార్కెట్లో దింపాలి. ఇద్దరు డ్రైవర్లుంటారు, బండి మాత్రం ఆగదు. తినడం, పడుకోవడం అన్నీ కదిలే బండిలోనే. కుదిరిన ఒంటికే కష్టమైన లైను అది. బావ రెండు నిమిషాలు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నేను నోరెత్తలేదు. "కాలు కుదిరాక వస్తానయ్యా" అని పెట్టేశాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని అక్క చెప్పింది.

మొదటి నెలకి మంచి లోడంటే నా లెక్క ఇది. పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావాలి. ఎక్కించడానికీ దింపడానికీ హమాలీలుండాలి. ఇన్నింటికి చేరకపోతే సరుకు కుళ్ళిపోతుందన్న తొందర ఉండకూడదు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, విజయవాడకి ఎనభై కిలోమీటర్ల లోపే, అంతా నాలుగు వరసల హైవే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి బూడిద తోలే బండ్లు కూడా దగ్గర దూరాలవే. ఇసుక టిప్పర్లు దగ్గరే తిరుగుతాయి కాని వాటికి నేను పంపను. గుంతల్లో, వాగు గట్టుల్లో రోజంతా క్లచ్చూ గేరూ తప్ప ఇంకేం ఉండదు. దూరం తక్కువ కదా అని కాలు దెబ్బవాళ్ళు వాటికే పోతారు, నెల తిరక్కుండా మళ్ళీ డాక్టరు దగ్గర కనపడతారు.

వినాయక చవితి వెళ్ళిన గురువారం బావ బండెక్కాడు. తెల్లవారకముందే ఊరు దాటాలని మూడున్నరకే లేచాడు. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది అక్క, తనే కొబ్బరికాయ కొట్టింది. ఎడమ పాదానికి ఒక నంబరు పెద్ద బూటు వేసుకున్నాడు, వాపు వస్తే ఇరుక్కోకుండా. చెప్పులతో బండి తోలే అలవాటు ఆ మాఘమాసంతోనే పోయింది. ప్రతి గంటన్నరకీ ఆగాలని ఫోన్లో అలారం పెట్టుకున్నాడు. కీసర టోల్‌గేట్ దాటాక ఒకసారి ఆగి, దిగి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగానన్నాడు. చిల్లకల్లు దగ్గర టీ తాగానన్నాడు. నేను అడక్కుండానే అన్నీ చెబుతున్నాడు, కొత్తగా లైనెక్కిన కుర్రాడిలా.

పదకొండింటికి ఫ్యాక్టరీ నుంచి వీడియో కాల్ చేశాడు. క్లీనరు కుర్రాడు లోడు పైన పట్టా పరుస్తున్నాడు. బావ కింద నిలబడి కేకలేస్తున్నాడు. "ఆ మూల ముడత పడిందిరా... అటు కాదు, నీ ఎడంచేతి వైపు... బూట్లు వేసుకున్నావా అసలు? చూపించు." కుర్రాడు పైనుంచి ఒక కాలు లేపి చూపించాడు. "కాలు కింద పెట్టరా బాబూ, పడతావ్" అని అరిచాడు బావ.

రాత్రి ఏడింటికి గొడౌన్లో దింపి ఆఫీసుకొచ్చాడు. మెట్లు ఎక్కకుండా కిందే బెంచీ మీద కూర్చుని బూటు విప్పాడు. చీలమండ దగ్గర వాపుంది, వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా నిండింది. మెకానిక్ షాపు కుర్రాడు కుర్చీ తెచ్చి కాలు కింద వేశాడు. నేను కాటా చీటీ తీసుకుని రిజిస్టరు తెరిచాను. బండి నంబరు, సరుకు, టన్నులు రాశాను. డ్రైవరు పేరు గడి దగ్గర కలం ఆగింది, ఏడు నెలలుగా ఆ బండికి వేరే పేరు రాసి చేతికి అదే అలవాటైంది.

"రేపటికి ఏముందిరా?" అన్నాడు బావ బెంచీ మీద నుంచి.

"సిమెంటే."

"సరే రాయి. ఆ కైకలూరాయన మళ్ళీ ఫోను చేస్తే మాత్రం సంక్రాంతి దాటాక మాట్లాడదామని చెప్పు."